కాలువ కట్టకముందే చేరాల్సిన కబురు: గోదావరి డెల్టాలో నీటి సమాచారాన్ని వెతికి, సరిచూసి, ఊరికి పంచే పద్ధతి

వేసవిలో కాలువలు కట్టేసే ముందు, అంటే వాటిలో నీటిని ఆపేసే ముందు, డెల్టాలో ప్రతి ఊరికీ ఒక గడువు ఉంటుంది. ఆలోగా మంచినీళ్ల చెరువు నిండాలి. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలే దాకా ఊరంతా తాగేదీ వండుకునేదీ ఆ చెరువు నీళ్లే. చెరువు నింపే ఆ నాలుగు రోజుల్లో కాలువలో ఎలాంటి నీరు పారుతోందన్నది అందరికంటే ముందు తూము ఎత్తే మనిషికి తెలియాలి. నేను ఈ పనిలోకి దిగింది అందుకే.

అంతకు ముందు ఒక సంగతి జరిగింది. ఒక ఏప్రిల్‌లో మా ఊరి వాట్సాప్ గ్రూపులో "చెరువు నీళ్ల టీడీఎస్ 1400, ఎవరూ తాగవద్దు" అని కబురు వచ్చింది. టీడీఎస్ అంటే నీటిలో కరిగిన లవణాల లెక్క. సాయంత్రానికల్లా నీళ్ల టిన్నుల బండి చుట్టూ జనం. మా పిన్ని సరుకులకు దాచుకున్న డబ్బుతో మూడు టిన్నులు కొనుక్కుంది. రెండు రోజుల తర్వాత ఆరా తీస్తే, అది సముద్రం దగ్గరి వేరే ఊళ్లో ఒక బోరు నీటి లెక్క అని తేలింది. అంకె నిజమైనదే. ఏ ఊరిది, ఏ నీటిది, ఏ రోజుది అన్న మూడు మాటలు మధ్యలో రాలిపోయాయి. దానికంటే పెద్ద నష్టం మరుసటి వారం జరిగింది. చెరువు ఈశాన్యం మూలన నాచు పేరుకుని వాసన వస్తోందని ఒకామె ఫొటో పెడితే ఎవరూ పట్టించుకోలేదు. ఒకసారి బెదిరిపోయిన ఊరు రెండోసారి వినదు.

ఇంటర్నెట్‌లో నీటి సమాచారం ఉచితంగా, మనం అనుకున్న దానికంటే చాలా ఎక్కువే దొరుకుతుంది. దాన్ని మన ఊరికి పనికొచ్చేలా మార్చి, పనికొచ్చే రోజున చేర్చడమే అసలు శ్రమ. ఆ పని చేసే క్రమం ఇది.

ముందు మీ ఊరి నీటి దారి గీయండి

వాటర్‌షెడ్ (నీరు ఒకే దారికి చేరే నేల) అనగానే కొండ, వాలు, వాగు గుర్తొస్తాయి. వెబ్‌సైట్లలో దొరికే బొమ్మలూ అవే. మన డెల్టా అరచేయిలా చదునుగా ఉంటుంది. అయినా ఇక్కడా మెరక, పల్లం ఉన్నాయి. పంట కాలువలు మెరక వెంట నడుస్తాయి, మురుగు కాలువలు పల్లం వెంట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి పెరుగుతూ వచ్చిన ఏర్పాటు ఇది. ధవళేశ్వరం దగ్గర తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టాకు నీరు విడిపోయి, మొత్తం మీద సుమారు 10 లక్షల ఎకరాలకు పారుతుంది. పొలంలోంచి దిగిన నీరు మురుగు కాలువలో కలిసి ఉప్పుటేరుకో, గోదావరి పాయకో, నేరుగా సముద్రానికో చేరుతుంది. కాబట్టి మీ వాటర్‌షెడ్ అంటే మీ ఊరికి నీరు తెచ్చే కాలువ, మీ ఊరి మురుగును తీసుకుపోయే డ్రెయిను, ఆ రెండింటి మధ్య నేల.

ఒక తెల్ల కాగితం మీద దీన్ని గీయండి. హెడ్ స్లూయిస్ (కాలువ మొదట్లోని తూము) నుంచి మీ బోదె (పొలానికి నీరిచ్చే చిన్న కాలువ) దాకా ఏయే లాకులు, ఏయే ఊళ్లు దాటి నీరు వస్తోంది? మీకు ఎగువన ఏ పట్టణం మురుగు, ఏ రైస్ మిల్లు నీరు, ఏ చేపల చెరువుల నీరు కలుస్తోంది? మీ డ్రెయిను ఏ పెద్ద డ్రెయినులో కలుస్తుంది? ఈ ప్రశ్నలకు ఇంటర్నెట్ కంటే కాలువ తూములు చూసుకునే లష్కరు బాగా జవాబు చెబుతాడు. ఒక పూట అతని వెంట గట్టు మీద నడిస్తే ఏ తూము ఎప్పుడు ఎత్తుతారో, ఎవరు ఎక్కడ గొట్టం పెట్టారో తెలిసిపోతుంది. నీటి సంఘంలో పనిచేసిన పెద్దలను కూడా అడగండి. 1997 చట్టంతో ఏర్పడిన ఈ సంఘాల్లో పనిచేసిన వారికి ఆయకట్టు లెక్కలు నోటికి వచ్చి ఉంటాయి.

కాగితం పటం కుదిరాక దాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించండి. అందులో ఎవరైనా కాలువలు గీయవచ్చు, వాటికి తెలుగు పేర్లు చేర్చవచ్చు. గూగుల్ పటంలోంచి నకలు తీసి గీయడం మాత్రం నిబంధనలకు విరుద్ధం, ఆ సైటులోనే ఇచ్చిన ఉపగ్రహ చిత్రం మీద గీయాలి. డెల్టాలో ఎన్నో చిన్న డ్రెయిన్లకు ఏ పటంలోనూ పేరు ఉండదు. పేరు లేని డ్రెయిను గురించి ఫిర్యాదు రాయడం ఎంత కష్టమో రాసిన వారికే తెలుస్తుంది.

ఎక్కడ వెతకాలి

వెతికేటప్పుడు రెండు చిక్కులు ఎదురవుతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకు ముందటి లెక్కలన్నీ పాత తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి పేర్ల కింద ఉంటాయి. అమలాపురం, భీమవరం, కాకినాడ, ఏలూరు ప్రాంతాల వారు పాత జిల్లా పేరుతోనూ వెతకాలి. రెండో చిక్కు స్పెల్లింగుది. యనమదుర్రు, తుల్యభాగ, గోస్తనీ వంటి కాలువల పేర్లను ఇంగ్లిషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. అన్నీ ప్రయత్నించండి.

రోజువారీ పనికి నేను మొదట చూసేది రాష్ట్ర జలవనరుల సమాచార వ్యవస్థ, ఏపీడబ్ల్యూఆర్ఐఎంఎస్. వర్షపాతం, జలాశయాల నిల్వలు, భూగర్భజల మట్టాలు అందులో ఉంటాయి. దేశం మొత్తానికి ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్ ఉంది. పాత సంవత్సరాల లెక్కలు దించుకోవడానికి అది మేలు. వరద రోజుల్లో కేంద్ర జలసంఘం వరద సూచనల పుటలో పోలవరం, ధవళేశ్వరం మట్టాలు కనిపిస్తాయి. ఒక జాగ్రత్త: బ్యారేజీ దగ్గర మనం వినే 11.75, 13.75, 17.75 అడుగుల హెచ్చరికలు అక్కడి గేజీ కొలతలు. కేంద్ర జలసంఘం మట్టాలను మీటర్లలో, సముద్ర మట్టం నుంచి లెక్కించి ఇస్తుంది. రెండింటినీ కలిపి ఒకే కబురులో రాస్తే లంక గ్రామాల వారు హడలిపోతారు.

నీటి నాణ్యతకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏటా ప్రకటించే పట్టికలున్నాయి. రాజమహేంద్రవరానికి ఎగువన, దిగువన గోదావరి నీటిని విడివిడిగా కొలుస్తారు. ఆ రెండు వరసలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక పట్టణం నదికి ఏం చేస్తుందో కనిపిస్తుంది. తాగునీటి పరీక్షల ఫలితాలకు జల్ జీవన్ మిషన్ నాణ్యత పోర్టల్‌లో మీ గ్రామం పేరు వెతకండి. భూగర్భజలాలకు కేంద్ర భూగర్భజల మండలి, ఐఐటీ హైదరాబాద్ కలిసి రూపొందించిన ఇన్‌గ్రెస్ ఉంది. అందులో ఒక మాట చాలామందిని పొరపాటున పడేస్తుంది. మండలం పక్కన "సేఫ్" అని ఉంటే నీరు తాగడానికి మంచిదని అర్థం కాదు. ఏటా భూమిలోకి ఇంకి తోడుకోవడానికి వీలయ్యే నీటిలో 70 శాతం మించి తోడడం లేదని మాత్రమే దాని భావం. ఉప్పు సంగతి వేరేగా చూడాలి. డెల్టాలో కాలువ పక్క చేతిపంపు తియ్యగా ఉంటుంది, కాస్త దూరం పోతే ఉప్పన. తీపి నీరు పైన పలుచటి పొరగా నిలిచి, ఉప్పు నీరు కింద ఉన్న చోట మండలం సగటు మన బావి గురించి ఏమీ చెప్పదు.

ఆకాశం నుంచి చూడడానికి హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భువన్, ఐరోపా వారి కోపర్నికస్ బ్రౌజర్ రెండూ ఉచితమే. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క 10 మీటర్ల నేల. అయిదు రోజులకొకసారి కొత్త చిత్రం వస్తుంది. పచ్చదనాన్ని ఎర్రగా చూపే ఫాల్స్ కలర్ ఎంచుకుంటే, నల్లని గీతలా కనిపించాల్సిన పెద్ద డ్రెయిను గుర్రపు డెక్క పట్టిన మేర ఎర్రగా మారిపోయి ఉంటుంది. ఎక్కడ మొదలైంది, ఎంత మేర పాకింది అన్నది కుర్చీలో కూర్చునే కొలవవచ్చు. చిన్న బోదెలు ఇందులో కనిపించవు. వానాకాలంలో మబ్బు అడ్డం వస్తుంది. అప్పుడు మబ్బును చీల్చి చూసే సెంటినెల్-1 రాడార్ చిత్రాల్లో ముంపు నేల నల్లగా తేలుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలను వరసగా తిప్పితే ఉండి, ఆకివీడు వైపు వరి మళ్లు చేపల చెరువులుగా మారిన తీరు మీ కళ్లముందే నడుస్తుంది. మా ఊరి గ్రామసభలో నేను చూపిన అన్నింటిలోకీ జనాన్ని కదలకుండా కూర్చోబెట్టింది అదే.

అంకెను చదవడం నేర్చుకోండి

ఇక్కడ తొందర పనికిరాదు. దొరికిన అంకెను దేనితో పోల్చాలో తెలియకపోతే పంచకపోవడమే మంచిది.

తాగునీటికి మన దేశపు కొలబద్ద ఐఎస్ 10500:2012. అందులో కొన్ని గుర్తుంచుకోండి. పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణం, 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు కోరదగినది. వేరే ఆధారం లేని చోట 2000 వరకు అనుమతిస్తారు. క్లోరైడు 250, వేరే దారి లేకపోతే 1000. ఫ్లోరైడు 1, గరిష్ఠంగా 1.5. నైట్రేటు 45, దీనికి సడలింపు లేదు. ఈ-కోలి బాక్టీరియా 100 మిల్లీలీటర్ల నీటిలో అసలు కనిపించకూడదు. కుళాయి చివర మిగిలి ఉండాల్సిన క్లోరిన్ కనీసం 0.2 మిల్లీగ్రాములు.

పై జాబితాలో రెండేసి అంకెలున్న చోట రెండూ రాయండి. టీడీఎస్ 700 ఉన్న నీటిని "పరిమితి దాటింది" అనడం ఎంత తప్పో, "2000 లోపే ఉంది, హాయిగా తాగండి" అనడమూ అంతే తప్పు.

అమెరికా సైట్లలో నైట్రేటు పరిమితి 10 అని కనిపిస్తుంది. వాళ్లు అందులోని నత్రజనిని మాత్రమే లెక్కిస్తారు, మనం నైట్రేటు మొత్తాన్ని లెక్కిస్తాం. ఆ 10, ఈ 45 దాదాపు ఒకే నీరు. ఇది తెలియక మన చెరువులో నాలుగింతల విషం ఉందని రాసిన కబుర్లు చూశాను. విద్యుత్ వాహకతలోనూ అదే తంటా. దాన్ని మైక్రోసీమెన్స్‌లో ఇస్తారు. సుమారుగా 0.64తో గుణిస్తే టీడీఎస్ వస్తుంది. 1000 మైక్రోసీమెన్స్ అంటే దాదాపు 640 మిల్లీగ్రాములు.

నదికీ కాలువకూ కొలబద్ద వేరు. కాలుష్య నియంత్రణ మండలి నీటిని తరగతులుగా విడదీసింది. శుద్ధి చేసి తాగడానికి పనికొచ్చే సీ తరగతి నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ, బీఓడీ 3 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. బీఓడీ అంటే నీటిలోని కుళ్లును సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలన్న లెక్క. అది పెరిగిందంటే మురుగు చేరిందని అర్థం. సాగునీటికి 'ఈ' (E) అనే తరగతి ఉంది, అందులో వాహకత 2250 మైక్రోసీమెన్స్ దాటకూడదు. కాలువ నీటిని తాగునీటి పట్టికతో కొలిచి ఊరిని భయపెట్టవద్దు.

మీ సొంత కొలత

పోర్టళ్లలో మీ చెరువు లెక్క ఆరు నెలల కిందటిది కావచ్చు. ఈ వారం సంగతి మీరే చూడాలి. మూడు వస్తువులు చాలు.

మొదటిది టీడీఎస్ మీటరు. ఇది ఉప్పును మాత్రమే చెబుతుంది. సూక్ష్మజీవులు, పురుగుమందులు దీనికి కనిపించవు. టీడీఎస్ 150 ఉన్న నీటిలో కలరా ఉండవచ్చు. ఈ మాటను ప్రతి కబురు కింద రాయండి, ఎందుకంటే టిన్నుల వ్యాపారమంతా ఈ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతోంది.

రెండోది సెచి పలక. నీరు ఎంత తేటగా ఉందో ఇది చెబుతుంది. చేపల రైతులకు ఇది కొత్త కాదు. 20 సెంటీమీటర్ల గుండ్రని పలకను నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి వేసి, మధ్యలో బరువు కట్టి, ముడులు వేసిన తాడుతో దించాలి. మా దగ్గరున్నది పాత స్టీలు మూతకు రంగులు వేసి చేసినది. రేవు చివరి మెట్టు మీద కూర్చుని, ఎండకు వీపు పెట్టి, మీ నీడ పడిన చోట దించండి. తెలుపు ముందు ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి మాయమవుతుంది. అక్కడ తాడు పట్టుకుని ముడులు లెక్కపెట్టండి. మెల్లగా పైకి లాగితే మళ్లీ కనిపించే చోట ఇంకోసారి లెక్కపెట్టండి. రెండింటి సగటే ఆ రోజు లోతు. వారం వారం అది తగ్గుతూ వస్తే నాచు పెరుగుతోందనో, బురద కలుస్తోందనో తెలుస్తుంది. మా చెరువు దగ్గర ఈ పని ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు చేస్తున్నారు. ముడులు లెక్కపెట్టడానికి వాళ్లు పోటీపడతారు.

మూడోది హెచ్‌2ఎస్ సీసా, అంటే సూక్ష్మజీవుల పరీక్ష సీసా. గీత వరకు నీరు నింపి మూత బిగించి వెచ్చని చోట ఉంచితే, 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే మలమూత్రాల కలుషితం ఉండే అవకాశం ఎక్కువ. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు ఈ పరీక్షలలో శిక్షణ ఇవ్వాలన్నది ఏర్పాటు. మీ ఊళ్లో వాళ్లెవరో, కిట్టు ఎవరి ఇంట్లో ఉందో కనుక్కోండి. మా ఊళ్లో అది బీరువా పైన దుమ్ము పట్టి ఉంది. తీసి చూస్తే రసాయనాల గడువు తీరిపోయింది. అందుకే గడువు తేదీ చూడకుండా ఏ పరీక్షా మొదలుపెట్టవద్దు. సీసా నల్లబడితే అక్కడితో ఆగకుండా ప్రయోగశాలకు పంపాలి. స్టెరిలైజ్ చేసిన సీసాలో పట్టి, ఐసు పెట్టెలో పెట్టి, 24 గంటల్లోపు చేర్చాలి.

వేళను తప్పకుండా రాసుకోండి. నాచు ఉన్న చెరువులో కరిగిన ఆక్సిజన్ మధ్యాహ్నం నిండుగా, తెల్లవారుజామున అడుగంటి ఉంటుంది. ఉప్పుటేరు దగ్గర, గోదావరి పాయల మొగల దగ్గర అయితే తిథి కూడా రాయండి. అమావాస్య, పౌర్ణమి పోటుకు ఉప్పు నీరు ఎగదన్నుతుంది. పోటు మీద కొలిచిన అంకెను పాటు మీద కొలిచిన అంకెతో పోల్చి "పెరిగింది" అంటే అర్థం లేదు.

కబురు రాసే తీరు

లింకు ఒక్కటే పంపితే ఎవరూ తెరవరు. తెరిచినా ఫోనులో ఆ డ్యాష్‌బోర్డులు సరిగా కనిపించవు. లింకు చివర పెట్టండి, ముందు మీ మాట రాయండి. నేను వాడే నమూనా ఇది, అంకెలు ఉదాహరణకు వేసినవి:

"మంచినీళ్ల చెరువు, తూము పక్క మెట్లు. ఏప్రిల్ 4, ఉదయం 6.30. టీడీఎస్ 310, పీహెచ్ 8.1, పలక లోతు 40 సెంటీమీటర్లు, పోయిన వారం 55. ఉప్పు విషయంలో బెంగ లేదు. నీరు మసకబారుతోంది. సూక్ష్మజీవుల సీసా పెట్టాం, ఫలితం ఎల్లుండి. అంతదాకా కాచి చల్లార్చి తాగండి. మళ్లీ కొలిచేది ఏప్రిల్ 11."

చోటు, వేళ, అంకె, పాత అంకె, దాని అర్థం, తెలియనిది, చేయవలసినది అన్నీ అందులో ఉన్నాయి. తెలియనిది రాయడానికి మొహమాటపడకండి. "ఫలితం ఎల్లుండి" అన్న మాటకు ఊళ్లో ఎంత గౌరవం దక్కుతుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

చదవలేని వారి కోసం అదే మాటను మీ గొంతుతో అర నిమిషంలో చెప్పి పంపండి. పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి పంచాయతీ ఆఫీసు దగ్గర, రేవు దగ్గర, పాల కేంద్రం దగ్గర అంటించండి. తెలుగును యూనికోడ్‌లో టైపు చేయండి. పాత ఫాంట్లలో చేసిన పీడీఎఫ్‌లో ఎంత మంచి సమాచారం ఉన్నా, వెతికినప్పుడు దొరకదు. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే చిత్రం కుదించుకుపోయి, తీసిన చోటు వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి. అధికారులకు ఆధారంగా పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపాలి.

పేర్ల విషయంలో కచ్చితంగా ఉండండి. "ఫలానా వారి చెరువు నీరు వదిలారు" అని గ్రూపులో రాయవద్దు. "వంతెన నుంచి 200 మీటర్ల ఎగువన, డ్రెయిను కుడి గట్టులో ఉన్న గొట్టం నుంచి ఇన్ని గంటలకు నల్లని నీరు వచ్చింది" అని రాసి, అది సంబంధిత శాఖకు పంపండి. ఎవరి ఇంటి బావి ఫలితాన్నైనా ముందు ఆ ఇంటివారికే చెప్పాలి.

ఎవరికి, ఎప్పుడు

చెరువు, కుళాయి సంగతి పంచాయతీకి, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుకు. పంట కాలువ సంగతి జలవనరుల శాఖకు, నీటి సంఘానికి. మురుగు కాలువకు డ్రెయినేజీ విభాగం వేరే ఉంటుంది. ఫ్యాక్టరీ నీరైతే కాలుష్య నియంత్రణ మండలి, చేపల చెరువులైతే మత్స్యశాఖ. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. వచ్చిన జవాబును స్కాను చేసి అందరికీ అందుబాటులో పెడితే పక్క ఊరివారికి ఆ నెల ఆదా అవుతుంది.

ఎప్పుడన్నది కాలువే చెబుతుంది. మార్చిలో చెరువు అడుగు మట్టం, గట్టు, తూము స్థితి చెప్పండి, పూడిక తీయాలా వద్దా అని నిర్ణయించే వేళ అది. కాలువ కట్టే పది రోజుల ముందు నుంచి కాలువ నీటి కొలతలు రోజూ పంపండి. కాలువలు కట్టాక మరమ్మతులు జరిగేది ఆ కొద్ది వారాలే కాబట్టి గుర్రపు డెక్క పటాన్ని, పూడిన డ్రెయిన్ల జాబితాను అంతకు ముందే ఇంజినీర్ల బల్ల మీద పెట్టాలి. జూలైలో ఇస్తే అది సానుభూతికి తప్ప పనికి రాదు. దాళ్వా (రబీ వరి) చివర్లో శివారు రైతులకు నీటి వాహకత కావాలి. వరి ఉప్పును అంతగా ఓర్చుకోలేదు. మట్టిలో ఉప్పు వాహకత 3000 మైక్రోసీమెన్స్ దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది.

దాచడం, దిద్దడం

ప్రభుత్వ పుటలు మారిపోతుంటాయి. చూసిన రోజే తేదీ కనిపించేలా స్క్రీన్ ఫొటో తీసి, ఆ పుటను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచండి. ఊరి కొలతలన్నీ అందరూ చూడగలిగే ఒకే గూగుల్ షీటులో ఉంచి, రాసే అనుమతి ఇద్దరు ముగ్గురికే ఇవ్వండి. తప్పు దొర్లితే పాత కబురును తీసేయకండి. అదే గ్రూపులో, అంతే పెద్ద అక్షరాలతో "నిన్నటి అంకె తప్పు, సరైనది ఇది, తప్పు ఇలా జరిగింది" అని రాయండి. నేను ఒకసారి మీటరును సరిచూడకుండా కొలిచి రెండింతలు ఎక్కువ రాశాను. దిద్దుబాటు పెట్టిన రోజు రాత్రి లష్కరు ఫోను చేసి, రేపటి నుంచి తనకూ రోజూ అంకె పంపమన్నాడు.

జూన్‌లో లాకులు ఎత్తినప్పుడు చివరి మెలకువ ఒకటుంది. వారాల తరబడి ఎండిన కాలువలో పడిన చెత్తంతా తొలి నీటితో కొట్టుకొస్తుంది. ఆ నీటిని చెరువులోకి పోనివ్వకూడదు. నీరు వచ్చిన రోజు నుంచి రోజూ ఒకే వేళకు, ఒకే చోట తెల్లని గాజు సీసాలో పట్టి, తేదీ చీటీ అంటించి, రేవు మెట్టు మీద వరసగా పెట్టి ఫొటో తీయండి. మొదటి రోజు సీసా టీ డికాషన్‌లా ఉంటుంది. నాలుగైదు రోజుల తర్వాత పట్టే సీసాలో నీరు తేటపడుతుంది. ఆ వరస ఫొటోను, పక్కనే హెచ్‌2ఎస్ సీసా ఫలితాన్ని పంచాయతీ వారికి పంపండి. తూము ఎత్తే రోజును అది చూసి వారే నిర్ణయించగలరు.